వీణ్ణి ఎక్కడ ఉంచి నడవమంటారు?

గుంటూరులో మేము ఉంటున్న వీధి మొగలో ఒక దర్జీ దుకాణం ఉంది. ఆ భాయి అక్కడ మిషను పెట్టి ముప్ఫయ్యేళ్లు దాటింది. ఈమధ్య ఒక పైజామా పొడవు తగ్గించుకుందామని వెళ్లాం. ఆయన సూదిలో దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పారు. చివరికి పక్కన కాజాలు కుడుతున్న కుర్రాడికి అందించి, "చత్వారం అనుకున్నా సాబ్. కాదట, షుగరట" అన్నారు.

డాక్టరు ఏమన్నారని అడిగాం.

"మాత్రలు రాశారు. చాయ్‌లో చక్కెర మానమన్నారు. రోజూ అరగంట నడవమన్నారు. మాత్రలు మింగుతున్నా. చక్కెర మానేశా. నడక ఒక్కటే..."

అక్కడ ఆగిపోయి, దుకాణం వెనక గదివైపు చూశారు. చాప మీద గోడకు ఆనుకుని ఆయన కొడుకు కూర్చున్నాడు. పదమూడేళ్లవాడు. చేతిలో సెల్‌ఫోను. ఒకే పాట ముక్క మళ్లీ మళ్లీ పెట్టుకుంటూ ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఆ అబ్బాయికి ఆటిజం ఉందని ఐదో ఏట తెలిసింది. మాటలు తక్కువ. రెండు బడుల్లో చేర్చారు, రెండు చోట్లా ఇముడ్చుకోలేదు. ఇంటి దగ్గర మంచాన ఉన్న అత్తగారిని చూసుకోవడంతోనే తల్లికి సరిపోతుంది. అందుకని పగలంతా తండ్రి వెంట దుకాణంలోనే ఉంటాడు. రెండేళ్లలో బాగా ఒళ్లు చేశాడు.

"నన్ను నడవమంటారు. మరి వీణ్ణి ఎక్కడ ఉంచి నడవమంటారు?"

మా దగ్గర జవాబు లేదు. పైజామా తీసుకుని వచ్చేశాం. వ్యాయామం చేయండి, ఆరోగ్యంగా ఉండండి అని పత్రికల్లో రాయడం సులువే. మేమూ రాశాం. అది చదివి కూడా లేవలేకపోయినవారి ఇంట్లో పరిస్థితి ఏమిటని ఎన్నడూ అడగలేదు. ఈ వారం ఆ పని చేద్దామనుకున్నాం.

కాలు ఆగిన రోజు

ఆ భాయి సోమరి కాదు. పొద్దున తొమ్మిదికి తలుపు తీస్తే రాత్రి పదికి మూస్తారు. పండుగ నెలలో అయితే సహరీ దాకా మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ పనంతా కూర్చునే. పూర్వం కాలితో తొక్కే మిషను కనుక కనీసం పాదాలైనా రోజంతా ఆడేవి. కొన్నేళ్ల కిందట దానికి కరెంటు మోటారు బిగించారు. పని రెట్టింపయింది, కాలు ఆగిపోయింది. ఇప్పుడు ఆయన ఒంట్లో కదిలేవి రెండు చేతులూ, కుడి పాదం మునివేళ్లూ మాత్రమే.

దర్జీల ఈ బాధ కొత్తది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో కూర్చుని పనిచేసే దర్జీలకూ చెప్పులు కుట్టేవారికీ ఒక అధ్యాయం ఉంది. వంగిన నడుములతో నడిచే వారి అవస్థను వర్ణించి, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్లు కదిలించమని సలహా ఇచ్చాడు. మూడు వందల ఏళ్లు గడిచినా ఆ సలహా మన దర్జీ దుకాణాలకు చేరలేదు.

దీనికి లెక్కలతో రుజువు దొరికింది మాత్రం లండన్ బస్సుల్లో. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జెరీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి రవాణా కార్మికులు సుమారు 31 వేలమంది గుండె జబ్బుల వివరాలు సేకరించాడు. రెండంతస్తుల బస్సు అది. డ్రైవరు రోజంతా సీట్లో ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. బస్సు ఒకటే, వీధులు ఒకటే, ఆ పొగా ఆ దుమ్మూ ఒకటే. అయినా డ్రైవర్లకంటే కండక్టర్లలో గుండెపోటు తక్కువగా కనిపించింది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది. 1953లో ఈ సంగతి వెలువడేనాటికి, కదలకపోవడానికీ గుండెకూ సంబంధం ఉందంటే నమ్మేవారు చాలా తక్కువ.

ఆ కథలో దర్జీ భాయికి చెబితే నవ్వుకున్న భాగం ఒకటుంది. మోరిస్ బృందం 1956లో ఆ సంస్థ యూనిఫారాల కొలతల రికార్డు తిరగేసింది. డ్రైవర్ల ప్యాంటు నడుములు కండక్టర్ల నడుములకంటే వెడల్పు! వారిలో చాలామంది ఉద్యోగంలో చేరేనాటికే లావుగా ఉన్నారని కూడా తేలింది. అంటే తేడా అంతా మెట్ల మహిమే అనడానికి లేదు. ఆ సంగతిని దాచకుండా బయటపెట్టాడు కనుకనే మోరిస్ మాటకు విలువ. ఇది వినగానే భాయి లేచి అల్మారాలోంచి పాత కొలతల పుస్తకం తీసి మా పేరున్న పేజీ వెతికారు. మొదటి కొలత నడుము 31. నిరుడు తీసిన కొలత 38. పక్క పేజీల్లో మా వీధి పెద్దల నడుములన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటీ తగ్గినది లేదు.

ఇది ఒక్క గుంటూరు వీధి సంగతి కాదు. ప్రపంచంలో 31 శాతం వయోజనులు, అంటే సుమారు 180 కోట్లమంది, 2022లో ఒంటికి కావలసినంత కదలిక లేకుండా గడిపారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించింది. మన దేశంలో అయితే అటూ ఇటుగా సగంమంది. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. ఇక షుగరు విషయానికొస్తే, దేశంలో 10 కోట్ల 10 లక్షలమందికి అది ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. ఆ అంచున నిలబడి ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలు.

కసరత్ అనే మాట

ఒళ్లు కదిలిస్తే లోపల ఏం జరుగుతుంది? తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని ఎక్కువగా వాడుకునేవి కండరాలు. వాటిలోనూ పెద్దవి తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. మామూలుగా ఇన్సులిన్ వచ్చి కండరం తలుపు తెరిస్తేనే చక్కెర లోపలికి పోతుంది. షుగరు ఉన్నవారిలో ఆ ఇన్సులిన్ చాలకో, దాని మాట కండరం వినకో చక్కెర బయటే నిలిచిపోతుంది. అయితే పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం కాచుకుని కూర్చోదు. తనంతట తానే తలుపు తీసి చక్కెరను లాక్కుంటుంది. భోజనం చేసి కాసేపు నడవమనడంలోని రహస్యం ఇదే.

ఆస్ట్రేలియాలో 2012లో చేసిన ఒక పరీక్షలో, లావుగా ఉన్న 19 మందికి తీపి పానీయం ఇచ్చి ఐదు గంటలు కూర్చోబెట్టారు. మరో రోజు అదే పానీయం ఇచ్చి, ఇరవై నిమిషాలకోసారి రెండు నిమిషాలు మెల్లగా నడిపించారు. నడిచిన రోజు రక్తంలో చక్కెర స్పష్టంగా తక్కువ పెరిగింది. రెండు నిమిషాలంటే ఎంత? దర్జీ భాయి బాబిన్ మార్చుకునేటప్పుడల్లా లేచి వీధి మలుపు దాకా వెళ్లి రావడం. అంతే.

అలాగని లేచి కూర్చోవడంతోనే పని అయిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలి. మధ్యరకం అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. పిల్లలకైతే సగటున రోజుకు గంట. రోజుకు ఎనిమిది గంటలు పైబడి కూర్చునేవారు ఆ నష్టాన్ని పూడ్చుకోవాలంటే రోజూ 60 నుంచి 75 నిమిషాలు కావాలని పది లక్షలమందికి పైగా జనం వివరాలు పరిశీలించి 2016లో తేల్చారు. దర్జీలకూ, గుమాస్తాలకూ, మావంటి రాతగాళ్లకూ వర్తించేది ఈ రెండో లెక్కే.

పదివేల అడుగుల మాట కూడా చెప్పేస్తాం, ఎందుకంటే అది విని బెదిరిపోయి అసలు నడకే మానుకున్నవారు మాకు తెలుసు. ఆ అంకె ఏ వైద్యుడూ నిర్ణయించింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు అర్థం పదివేల అడుగుల మీటరు. ఆ పేరే సూత్రమై కూర్చుంది. వృద్ధ మహిళల మీద 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు వేసినవారికే, 2,700 వేసినవారికంటే మేలు కనిపించింది. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు.

"రోజుకు ఐదుసార్లు వంగి లేస్తున్నాం, ఇంకా కసరత్తెందుకు?" అని అడిగేవారు మనలో ఉన్నారు. నమాజు ఆరాధన. కీళ్లు వంగుతాయి నిజమే కానీ, ఊపిరి వేగం పెరిగే పని కాదు. మసీదుకు నడిచి వెళ్లడం మాత్రం లెక్కలోకి వస్తుంది. కాకపోతే రెండు వీధుల అవతలి మసీదుకు కూడా మోటారు సైకిలు తీస్తున్నాం కదా!

వెయ్యేళ్ల కిందటి ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథంలో ఆరోగ్య రక్షణ గురించి చెబుతూ వ్యాయామానికి తిండి, నిద్రలకంటే ముందు స్థానం ఇచ్చాడు. కుస్తీ, పరుగు, చురుకైన నడక వంటి గట్టి వ్యాయామాలతోపాటు, ఉయ్యాల ఊగడం, పడవలో వెళ్లడం వంటి మెత్తని వాటినీ ఆ జాబితాలో చేర్చాడు. బలహీనులకూ ఒళ్లు కదలాలనే ఆలోచన అప్పటికే ఉంది. మనం వాడే 'కసరత్తు' ఉర్దూ 'కసరత్' నుంచి వచ్చింది. అరబ్బీలో దాని మూలానికి 'ఎక్కువగా, మళ్లీ మళ్లీ' అనే అర్థం. బరువులెత్తడం, చెమటోడ్చడం కాదు, చేసినదే మళ్లీ చేయడం. దర్జీ కొడుకు సంగతి తెలుసుకునేకొద్దీ ఈ మాట మాకు పదే పదే గుర్తొచ్చింది.

అందరికంటే ఎక్కువ కూర్చునేవారు

ఆటిజం జబ్బు కాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. ఎదుటివారి ముఖకవళికలు చదవడం, సంభాషణ నడపడం వీరికి కష్టం. చేసినదే చేయడం, ఒక క్రమం తప్పకపోవడం వీరికి ధైర్యం. మనకు వినిపించీ వినిపించని చప్పుళ్లు వీరికి చెవిలో మేకుల్లా గుచ్చుకుంటాయి. కొందరికి మాట ఉండదు, మరికొందరు పెద్ద చదువులు చదువుతారు. టీకాల వల్ల రాదు, తల్లి పెంపకం వల్ల రాదు, దిష్టి వల్ల అసలే రాదు. తాయెత్తుల కోసం తిరిగిన దూరం ఆ బిడ్డ చేయి పట్టుకుని నడిచి ఉంటే ఇద్దరికీ మేలు జరిగేది. ఈ మాట కటువుగా ఉంటే మన్నించాలి.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రసక్తి లేదు. 2016 నాటి కొత్త చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అది చేరింది. ఖతర్ దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్య సమితి 2007లో ఆమోదించడంతో, 2008 నుంచి ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం జరుగుతోంది.

ఈ పిల్లలు ఎందుకు కూర్చుండిపోతారు? బడిలో ఆట అంటే ఈల, కేకలు, తోపులాట, క్షణానికోసారి మారే నియమాలు. అది వీరికి భరించరానిది. చాలామందికి బంతి పట్టడం, ఒంటికాలి మీద నిలబడడం వంటివి ఆలస్యంగా వస్తాయి. అందుకని జట్టులో ఎవరూ తీసుకోరు. వీధిలోకి పంపితే వాహనాల భయం, నలుగురూ నవ్వుతారన్న భయం. ఇంట్లో ఉంచితే అల్లరి. ఫోను ఇస్తే నిశ్శబ్దం. పైగా కొందరికి చిరాకు తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ వంటి మందులు ఆకలినీ బరువునూ పెంచుతాయి. ఇలా కదలాల్సిన పిల్లవాణ్ణి అన్నీ కలిసి చాప మీద కూర్చోబెడుతున్నాయి.

కదిలిస్తే ఫలితం ఉంటుందా? ఉంటుంది. 1980ల్లో అమెరికా పరిశోధకులు ఆటిజం పిల్లలను కొంతసేపు బంతి ఆట వంటి తేలిక పనిలో పెట్టి, మరోసారి పదిహేను నిమిషాలు పరుగెత్తించి చూశారు. పరుగు తరువాత, చేతులు ఆడించడం, ఊగడం వంటివి తగ్గి కాసేపు నిలకడ కనిపించింది. తేలిక ఆటతో అంత మార్పు లేదు. ఇరాన్‌లో 30 మంది పిల్లలపై చేసిన మరో ప్రయోగం 2012లో వెలువడింది. సగంమందికి 14 వారాలపాటు కరాటేలోని 'కతా' నేర్పారు. కతా అంటే ప్రత్యర్థి లేకుండా ఒకే వరసలో వేసిన అడుగులే మళ్లీ వేయడం. ఆ పిల్లల్లో అటువంటి కదలికలు సుమారు 42 శాతం తగ్గాయి. శిక్షణ ఆపిన నెల తరువాత కూడా ఆ మేలు నిలిచింది. ఇవి చిన్న ప్రయోగాలే. మరొక మాట కూడా ఉంది. చేతులు ఆడించడం తప్పేమీ కాదు, ఎన్నోసార్లు ఆ బిడ్డ తనను తాను ఊరడించుకునే మార్గం అదే. దాన్ని మాన్పించడం కోసం కాదు, గుండె కోసం, ఎముక కోసం, నిద్ర కోసం నడిపించాలి. అందరికీ కావలసినవి వారికీ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వైకల్యం ఉన్నవారికీ మొదటిసారిగా లెక్కలు ఇచ్చింది. అవి మిగతావారి లెక్కలకు దాదాపు సమానమే.

ముంబయికి చెందిన జియా రాయ్ అనే ఆటిజం ఉన్న అమ్మాయి 2022లో పదమూడేళ్ల వయసులో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి తీరందాకా 29 కిలోమీటర్లు సముద్రంలో ఈదింది. 2024లో ఇంగ్లీషు చానల్ దాటింది. 34 కిలోమీటర్లు, పదిహేడున్నర గంటలు! ఇంటికి దగ్గరగా మరో పేరుంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి. ఆమెది ఆటిజం కాదు, మేధోపరమైన వైకల్యం. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కోబెలో ఆమె బద్దలు కొట్టిన పాత రికార్డు అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్‌ది. ఆ అమ్మాయికి ఆటిజం ఉంది. ఇటువంటివారి సంగతి విని దర్జీ భాయి సంతోషించారు కానీ, "మావాడు మలుపు దాకా వస్తే చాలు సాబ్" అన్నారు. ఆయన అన్నదే సబబు.

మలుపు దాకా

దారి చూపింది భవిత కేంద్రంలోని టీచరమ్మ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడుపుతున్న ఈ కేంద్రాల్లో చదువుతోపాటు ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. ఆమె ప్రశ్ననే తిప్పి అడిగారట. "వాణ్ణి ఎక్కడో ఉంచి మీరెందుకు నడవాలి? వాడితోనే నడవండి."

ఆమె చెప్పిన పద్ధతి చాలా చిన్నది. రోజూ ఒకే సమయం, ఒకే దారి. ఫజర్ నమాజు అయ్యాక వీధిలో హారన్లు ఉండవు కనుక అప్పుడే బయలుదేరాలి. ఒక అట్ట మీద వరసగా నాలుగు బొమ్మలు ఉండాలి. చెప్పులు, కరెంటు స్తంభం, ఇల్లు, పాల గ్లాసు. ఏది తరువాత ఏదో బిడ్డకు ముందే తెలియాలి. మొదటివారం ఒక్క స్తంభం దాకా వెళ్లి వచ్చేయాలి. వాడు ఇంకా నడుస్తానన్నా సరే తిరిగి రావాలి. మరుసటి వారం రెండో స్తంభం. చెవులకు ఉన్ని టోపీ. పోటీ లేదు, శభాష్ అని కేకలు లేవు, తోటి పిల్లలతో పోలిక లేదు.

మొదటి రోజు గడప దాటడానికే ఇరవై నిమిషాలు పట్టింది. రెండో రోజు చెప్పులు విసిరేశాడు. ఐదో రోజు తనే అట్ట తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. నెల తిరిగేసరికి తొమ్మిది స్తంభాలు. వాడు ప్రతి స్తంభాన్నీ అరచేత్తో తాకితే గాని కదలడు. తొందరలో ఒకటి వదిలేస్తే తండ్రిని లాక్కుని వెనక్కి వెళ్లి తాకి వస్తాడు. రోడ్డు మీదివారు చూస్తున్నారని మొదట్లో భాయి తల దించుకునేవారు. తరువాత ఆయనా తాకడం మొదలుపెట్టారు. స్తంభాలకు తీగ వేలాడకుండా ఉందా, వాన పడ్డాక తడిగా ఉందా అని ముందు ఆయన చూసుకుంటారు. మాకైతే కరెంటు స్తంభాలకంటే చెట్లు మేలనిపిస్తుంది. కానీ ఆ వీధిలో చెట్లు ఏవి?

మూడో నెలలో మురుగుకాల్వ కోసం వీధి తవ్వారు. ఆరో స్తంభం దగ్గర కందకం. పక్క సందులోంచి తిప్పి తీసుకెళ్దామని తండ్రి చేయి పట్టుకుంటే వాడు నేల మీద కూలబడి గుండెలు పగిలేలా ఏడ్చాడు. జనం మూగారు. ఎవరో దుఆ చదివించమన్నారు, ఎవరో రెండు తగిలించమన్నారు. భాయి కొడుకును ఎత్తలేక, వదల్లేక ఆ మట్టికుప్ప పక్కనే కూర్చున్నారు. తొమ్మిది రోజులు ఇద్దరూ గడప దాటలేదు. మేము పలకరించబోతే, "అయిపోయింది సాబ్" అన్నారు.

టీచరమ్మకు ఫోను చేయించాం. కొత్త బొమ్మ వేయమన్నారు ఆమె. కందకం బొమ్మ, దాని మీద ఎర్రగీత, పక్కన సందు బొమ్మ. రెండు రోజులు ఇంట్లోనే చూపించారు. మూడో రోజు సందు మొదట్లో నిలబడి చూసి తిరిగి వచ్చేశారు. నాలుగో రోజు వాడు ఆ సందులోంచి నడిచాడు. మారడం ఈ పిల్లలకు చేతకాక కాదు, ముందుగా చెప్పకుండా మారిస్తేనే వారికి కాళ్ల కింద నేల కదులుతుంది.

ఇటువంటి బిడ్డలున్న తల్లిదండ్రులు మరికొన్ని సంగతులు గమనించాలి. దాహం వేస్తోందనీ, చెప్పు కరుస్తోందనీ వీరు చెప్పకపోవచ్చు. మనమే నీళ్లు తాగించాలి, ఇంటికి వచ్చాక పాదాలు చూడాలి. మన ఎండల్లో ఎనిమిది దాటాక బయటికి తీయవద్దు. చాలామంది ఆటిజం పిల్లలను నీళ్లు ఆకర్షిస్తాయి. చెరువు, బావి, కాల్వ ఉన్న దారి ఎంచుకోవద్దు. ఈత నేర్పించగలిగితే అంతకు మించిన రక్షణ లేదు. మూర్ఛలు ఉన్న పిల్లవాడైతే డాక్టరును అడగనిదే నీళ్లలోకి దింపవద్దు. షుగరు ఉన్న పెద్దలు వదులు చెప్పులతో నడవకూడదు. పాదంలో పుండు ఉంటే అది మానేదాకా నడక ఆపాలి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆగి, ఆ రోజే చూపించుకోవాలి.

ఇప్పుడు వారిద్దరూ రోజూ 41 స్తంభాలు తాకుతున్నారు. పోనూ రానూ నలభై నిమిషాలు. భాయికి షుగరు పూర్తిగా అదుపులోకి రాలేదు గానీ, మునుపటికంటే తగ్గింది. మాత్రలు మానలేదు, మానకూడదు కూడా. కుర్రాడి బరువు పెద్దగా తగ్గలేదు, పెరగడం ఆగింది. మాటలేమీ కొత్తగా రాలేదు. రాత్రి రెండింటిదాకా మేలుకునేవాడు పదిన్నరకు నిద్రపోతున్నాడు. దాంతో ఆ ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. మేము కూడా సిగ్గుపడి ఆ సమయానికే బయలుదేరుతున్నాం. ఒకే సమయం, ఒకే దారి, కొంచెం దూరం, వెంట ఒకరు. ఆ బిడ్డ కోసం టీచరమ్మ గీసిన అట్ట మావంటి బద్ధకస్తులకు కూడా సరిగ్గా సరిపోయింది. నడక మానేస్తే, ఎందుకు రాలేదన్నట్టు ఆ అబ్బాయి మరునాడు మా గేటును తాకి ఆగుతాడు.

ఈ సంగతులన్నీ రాసుకుని, ఒకసారి సరిచూసుకుందామని వారి ఇంటికి వెళ్లాం. లోపలినుంచి భాభీ అంతా విన్నారు. చివరికి పరదా వెనకనుంచే అడిగారు. "ఆయన నడిచారు, వాడు నడిచాడు. మరి నా సంగతి రాయలేదేం?"

నిజమే. 57 శాతం అని అంకె వేసి ముందుకు పోయాం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. వంట, బట్టలు, మంచాన ఉన్న అత్తగారు. పొద్దున్నుంచీ పనే, కానీ ఊపిరి ఆడేలా పది నిమిషాల నడక లేదు. బురఖా వేసుకుని ఒంటరిగా పొద్దున్నే వీధిలో నడిస్తే ఎక్కడికని అడుగుతారట. అడిగేది మనమే కదా. దీనికి డాక్టరు చీటీ పనికిరాదు. పెద్దావిడ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి, ఆమెకు తోడు మరొకరు రావాలి.

శుక్రవారం దుకాణం ఆలస్యంగా తీస్తారు. ఆ పూట భాయి తల్లి దగ్గర కూర్చుంటున్నారు. పక్కింటి ఆపాలు ఇద్దరు తోడు వస్తున్నారు. కుర్రాడు ముందు నడుస్తూ స్తంభాలు చూపిస్తున్నాడు. మిగతా ఆరు రోజులకు ఇంకా దారి దొరకలేదు.